ఏరు పొంగిందన్నాడు

వద్దక్కా, వద్దు. అయ్యగారితో నువ్వే చెప్పు. ఈవాళ ఆరాధనలో నన్ను లేపి సాక్ష్యం చెప్పించొద్దని చెప్పు. "దెబోరా సిస్టర్ ధైర్యంగా నిలబడింది" అని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది నువ్వేగా? ధైర్యమా! చర్చి భోజనాలకి ఈ కోడిగుడ్డు పెంకే ఒలవలేకపోతున్నాను. చూడు, సగం గుడ్డు పెంకుతోనే ఊడొస్తోంది.

ఆ కిచెన్ తలుపు దగ్గరగా వేసి రా పర్సిస్ అక్కా. జరిగింది జరిగినట్టు చెప్తాను. విన్నాక నువ్వే అంటావు, పోనీలే, కూర్చో అని.

మేముండేది ఈ బెంటన్‌విల్ నుంచి స్టేట్ లైన్ దాటి, ఓక్లహోమాలో కదా. అదంతా నేటివ్ అమెరికన్ల నేషన్, వాళ్ల సొంత రాజ్యం లాంటిది. వాళ్ల పోలీసులు వేరు, కోర్టు వేరు, కౌన్సిల్ వేరు. జిల్లాకొక మెంబర్ని ఓట్లేసి ఎన్నుకుంటారు. నేను నర్సుగా చేసే క్లినిక్ ఆ కౌన్సిల్ చేతి కింద ఉంది. నా గ్రీన్ కార్డ్ స్పాన్సర్ చేస్తున్నది ఆ క్లినిక్కే. అర్థమైందా? నేను వాళ్ల ఓటర్నా? చుట్టాన్నా? ఆ ఎన్నికతో నాకేం పని చెప్పు?

పనల్లా లొరీన్ వల్ల వచ్చింది. మా పక్కింటావిడ. మేం దిగిన కొత్తల్లో మంచు తుఫానుకి కరెంట్ పోతే, మేం అడక్కుండానే జనరేటర్ లాక్కొచ్చి పెట్టిన మనిషి. మా పాప క్రిస్టినాకి జ్వరమొస్తే తన ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఆవిడ ఈసారి కౌన్సిల్‌కి నిలబడింది. ఎదురుగా డ్వేన్, పాత మెంబరు.

డ్వేన్ చెడ్డవాడా అంటే... కాదక్కా! అదే నా ఏడుపు. మా క్లినిక్‌కి డయాలసిస్ తెచ్చింది ఆయనే. చెడ్డవాడైతే భయపడ్డానికి కూడా ఒక పద్ధతుంటుంది.

ఓట్ల రోజు శనివారం. ముందు రోజంతా ఒకటే వాన. శనివారం పొద్దున నేను వృద్ధుల క్వార్టర్స్‌కి వెళ్లాను, ఓటిస్ తాత కాలికి కట్టు మార్చాలి. షుగర్ పుండు, ఒక్క రోజు మానడానికి లేదు. వరండాలో ముసలాళ్లంతా తయారై కూర్చున్నారు. ఆడవాళ్లు పూసల దండలేసుకున్నారు, మగాళ్లు ఇస్త్రీ చొక్కాలు. కౌన్సిల్ వ్యాన్ వచ్చి వాళ్లని ఓటు దగ్గరికి తీసుకెళ్లాలి. వాళ్లకి మధ్యాహ్నం భోజనం వండిపెట్టేది లొరీనే, వాళ్ల ఓట్లెటో ఊరందరికీ తెలుసు. వ్యాన్ నడిపేదేమో డ్వేన్ తమ్ముడు కర్టిస్.

వచ్చాడు. ఇంజన్ కూడా ఆపలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏరు పొంగింది, బ్రిడ్జి మీద నీళ్లు. ఓటింగ్ రేపటికి మార్చారు. లోపలికెళ్లి రెస్ట్ తీసుకోండి" అన్నాడు. నేను గుమ్మంలో గ్లవ్స్ వేసుకుంటున్నాను. ఇదిగో, నువ్వున్నంత దూరం. స్పష్టంగా విన్నాను.

పాపం, నమ్మేశారు. ఒకళ్లనొకళ్లు పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

కట్టు కట్టి నేను ఆ బ్రిడ్జి మీదుగానే ఇంటికొచ్చాను. నీళ్లు ఎక్కడో కిందున్నాయి. అప్పటికే పొంగు తగ్గిందేమో అనుకున్నాను, నాకేం తెలుసు? మర్నాడు ఇక్కడికి చర్చికొస్తూ కట్టు చూద్దామని ఆగితే... వరండాలో మళ్లీ వాళ్లే అక్కా! అవే పూసలు, అవే చొక్కాలు. వ్యాన్ కోసం చూస్తున్నారు. లొరీన్ ఓడిపోయిందని టౌనంతటికీ రాత్రే తెలిసిపోయింది, వాళ్లకి తప్ప. వేళ్ల మీద లెక్కపెట్టే తేడాతో ఓడిపోయింది.

లొరీన్ వాళ్ల కోర్టులో అప్పీల్ చేసింది. కర్టిస్ ఏమన్నాడో తెలుసా? "ఏరు పొంగితే మారుస్తారేమో అన్నాను, వాళ్లు తప్పుగా విన్నారు" అన్నాడు. ముసలాళ్లని అడిగితే ఒకరు రేపన్నారు, ఒకరు వచ్చే వారమన్నారు. ఇంకెవరున్నారు? నేనున్నాను!

ఆవిడ మా ఇంటికొచ్చి బతిమాలలేదు. బల్ల దగ్గర కూర్చుని, "దెబోరా, నువ్వు విన్నావా?" అంది. అంతే. విన్నానని నోరు జారింది.

మా ఆయన వినయ్‌కి ఆ రాత్రే చెప్పాను. "జాబ్ పోతే ఏంటి మన పొజిషన్? పిల్లని స్కూల్ మధ్యలో లాక్కుని ఏ ఊరెళ్తాం?" అన్నాడు. తప్పేముంది ఆయన మాటలో? నీకు మా నాన్న సంగతి తెలీదు. సర్పంచ్ ఎన్నికప్పుడు మా పేటవాళ్లని బూత్ దగ్గరికి రానివ్వలేదని ఆఫీసర్ల ముందు చెప్పాడు. ఆ ఏడాదంతా ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. అమ్మ తలుపుకి రోకలి అడ్డం పెట్టి మమ్మల్ని పడుకోబెట్టేది. చప్పుడైతే చాలు, మా నోళ్లు మూసేది. ఆ అమ్మ చెయ్యి ఇప్పటికీ నా మూతి మీదే ఉన్నట్టుంటుంది.

మరి కోర్టుకి ఎలా వెళ్లానంటావా? ఏమో! కాళ్లే తీసుకెళ్లాయి.

వాళ్ల కోర్టులో డ్వేన్ మొదటి వరసలో కూర్చున్నాడు, టోపీ ఒళ్లో పెట్టుకుని. డ్వేన్ తరఫు లాయరు మర్యాదగానే అడిగాడు. "మేడమ్, ఇంగ్లీష్ మీ సొంత భాష కాదు కదా. మధ్యలో 'ఇఫ్' అన్న మాట మీకు వినపడకపోయి ఉండొచ్చా?"

నాకెక్కడి నుంచి వచ్చిందో! "సార్, ఇఫ్ నాకు బాగా తెలుసు. వీసా వచ్చిన దగ్గర్నుంచి మా బతుకు ఆ మాట మీదే నడుస్తోంది. అతను ఇఫ్ అనలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. డ్వేన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తూ, ఇంక వెళ్లొచ్చన్నా అక్కడే కూర్చున్నాను. లొరీన్ వచ్చి భుజం పట్టుకుని లేపింది.

కోర్టు మళ్లీ ఎన్నిక పెట్టమంది. ఆ తర్వాత నాకు నిద్రెక్కడిది? ఒకరోజు డ్యూటీ నుంచి వస్తుంటే ఒక నల్ల పికప్ నా వెనకే పడింది. నేను స్లో చేస్తే అదీ స్లో. గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పాను, అదీ తిరిగింది. డోర్లు లాక్ చేసి, పోలీసులకి చేద్దామని ఫోన్ తీశాను. ఎవడో దిగి అద్దం మీద తట్టాడు. "ఎడమ వైపు టెయిల్ లైట్ వెలగట్లేదమ్మా" అని వెళ్లిపోయాడు.

నవ్వకు. దిగి చూస్తే నిజంగానే వెలగట్లేదు. దారిలో మాడిపోయిందో, ఎవరైనా పార్కింగ్‌లో పీకారో? వినయ్ బల్బే అంటాడు. బల్బే అనుకుందాం.

రెండో ఎన్నికకి ముసలాళ్లంతా వెళ్లారు. కోర్టు వాళ్లే వ్యాన్ పంపారు. వేశారు. డ్వేనే గెలిచాడు! మొదటిసారి కంటే ఎక్కువ ఓట్లతో.

ఎందుకేంటి? నేనూ అదే అడిగాను ఓటిస్ తాతని. కట్టు విప్పుతుంటే చెప్పాడు. "నువ్వు నిజం చెప్పావు, మంచి పని చేశావు. కానీ బయటి మనిషి మావాడి తమ్ముణ్ని కోర్టులో నిలబెట్టింది. అది చూడలేకపోయాం. నేను డ్వేన్‌కే వేశాను." నా చేతిలో ఆయన కాలుంది. కొత్త కట్టు కట్టి వచ్చాను.

మొన్న గురువారం డ్వేన్ క్లినిక్‌కి వచ్చాడు, బ్లడ్ టెస్ట్‌కి. నా టేబుల్ దగ్గరికే. చెయ్యి చాపాడు. తాడులాంటి నరం అక్కా, చిన్నపిల్లైనా రక్తం తియ్యగలదు. నాకు సూది తప్పింది. రెండోసారీ తప్పింది. ఆయన కదల్లేదు. నెమ్మదిగా, "తొందరేం లేదు. నువ్వెక్కడికీ పోవుగా" అన్నాడు.

అంటే ఏంటక్కా? నీ ఉద్యోగం ఎక్కడికీ పోదనా? పోవాలన్నా పోలేవనా? మొహం చూసి చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను.

ఇంకొకటుంది. ఇది వినయ్‌కి కూడా చెప్పలేదు.

రెండో ఎన్నిక ఫలితం చెప్పినప్పుడు నేను కౌన్సిల్ ఆఫీసు పార్కింగ్‌లో కార్లో ఉన్నాను. లోపల్నుంచి డప్పు మోగింది, డ్వేన్ పేరు అరుస్తున్నారు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాటేంటో తెలుసా? స్తోత్రం ప్రభువా. అవునక్కా! గెలిచాడు కదా, ఇంక మా జోలికి రాడులే అని. అద్దంలోంచి లొరీన్ మెట్లు దిగి రావడం కనిపిస్తూనే ఉంది. అయినా గుండె తేలికైంది.

అలా చూడకు. ఏం చెయ్యమంటావు? నేను అంతే.