కీచురాళ్ల డబ్బా

తెనాలిలో ఒక ఇంటి పెరటి వరండా. రేపల్లెలో చెల్లెలింటి నుంచి కావేరి అప్పుడే వచ్చింది. ఎదురుగా భర్త సుమంత్.

“నా కీచురాళ్లు ఏమయ్యాయండీ?”

“పోయాయి.”

“పోవడమేంటి? గుడ్ల నుంచి పెంచాను. క్యారెట్ తురుమూ మునగాకూ పెట్టి, క్యాల్షియం పొడి అద్ది నేను తొట్టిలో పెంచుకునే కప్పలకి వేసేదాన్ని. డబ్బాలో ఒక్కటంటే ఒక్కటి లేదు.”

“పిల్లి తోసేసినట్టుంది.”

“పిల్లి క్లిప్పులు తీసి, మూత గోడకి చేరవేసిందా?”

“సరే, నేనే మూత పెట్టడం మర్చిపోయా. పురుగుల కోసం పొద్దున్నే పంచాయితీ ఏంటి?”

“మరి కప్పలకి ఏం వేశారు?”

“పస్తులేం ఉంచలేదులే. కొల్లిపర వెళ్లినప్పుడు చేలో మిడతలు పట్టుకొచ్చి వేశా. బానే తిన్నాయి.”

“ఏ చేలో?”

“మన చేలోనే.”

“మొన్న పురుగుమందు కొట్టించానని ఫోన్లో చెప్పారు. ఆ చేనేనా?”

“గట్టు పక్కన పట్టానులే.”

“ఆ చేనేనా అని అడుగుతున్నా.”

“గట్టు దాకా మందు పడదనుకున్నా.”

“ఇలా రండి. తొట్టిలోకి చూడండి. పెద్దది కాళ్లు చాచేసి ఎలా పడుందో చూడండి. చిన్నది ఇక లేవదు. మందు పడ్డ పురుగుని వేస్తే కప్పకి మందు పోసినట్టేనని ఎన్నిసార్లు చెప్పాను? దాని రెండు కళ్ల మధ్య ఎడం కంటే పెద్ద పురుగు వెయ్యొద్దని చెప్పానా లేదా?”

“కప్పలే కదా. ఇంకో రెండు తెప్పిస్తాలే.”

“కప్పలే. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నవి అవే. బాపట్లలో కాలేజీ ల్యాబ్ ఉద్యోగం ఎందుకు మానేశాను? అత్తయ్యకి తుంటి విరిగింది, మంచం దిగలేరు, పక్కన మనిషుండాలని మీరే అన్నారు. ఉన్నాను. ఇప్పటికీ లేపి కూర్చోబెడుతున్నాను, స్నానం చేయిస్తున్నాను. ఏనాడన్నా ఒక్క మాట అన్నానా?”

“ఇప్పుడదంతా ఎందుకు?”

“మూత తీసింది మీరు కాదు. అబద్ధం చెప్పేటప్పుడు మీరు నా మొహం చూడరు.”

“నేనేనన్నాగా. వదిలేయ్ ఇక.”

“వదలను. ఎవరొచ్చారు ఇంటికి?”

“ఎవరూ రాలేదు. నెమ్మదిగా మాట్లాడు, అమ్మ వింటుంది.”

“విననివ్వండి.”

“వాణ్ణి అనకమ్మా కావేరీ. చెవిలో ఒకటే రొద, తట్టుకోలేక నేనే మూత తీశాను.”

“అత్తయ్యా... మిమ్మల్ని గుమ్మం దాకా ఎవరు తీసుకొచ్చారు?”

“అమ్మా, నువ్వు లోపలికెళ్లు.”

“ఎన్నాళ్లురా ఇలా? ఎవరూ తీసుకురాలేదమ్మా, నడిచే వచ్చాను. ఎండాకాలం నుంచీ నడుస్తూనే ఉన్నాను. నీకు తెలిస్తే మళ్లీ ఉద్యోగానికి పోతావని, నువ్వు ఇంట్లో ఉండగా మంచం దిగొద్దని వీడే నా చేత ఒట్టు వేయించుకున్నాడు.”