ఆనాడు ఏది గెలిచింది?

మరమగ్గాల పేట బమ్రోలిలోని ఆ ఒంటిగది తలుపుకు క్వారంటైన్ కాగితం అంటించిపోయిన నాటి నుంచి, సాంచాలు నడిపే నేత కార్మికుడు లింగమూర్తి, ఆయన కొడుకు గడప దాటలేదు. లింగమూర్తి భార్య నర్సవ్వ, ఆ కొడుకు అవ్వ, నిరుడు కరోనాతోనే పోయింది. ఇప్పుడు లింగమూర్తికి ఆయాసం మొదలైంది.

“బాపూ, అంబులెన్స్‌కు ఫోన్ చేసిన. లే, చెప్పులు తొడుక్కో.”

“నీ పరీక్ష నడుస్తున్నది గదా. కానియ్యి.”

“ఆపేసిన.”

“ఎందుకు? నడిమిట్ల ఆపితే మళ్ల మొదటికెల్లి చెయ్యాలె అంటివి, మీ అవ్వతోని.”

కొడుకు ల్యాప్‌టాప్ మూసేశాడు.

“ఇంతకు ఏంది ఆ పరీక్ష?”

“ఇప్పుడా బాపూ?”

“యాడికి పోతం? చెప్పు.”

“రెండు కంపెనీల సర్వర్లు, అంటే పెద్ద కంప్యూటర్లు. ఒక్కోదాంట్ల రెండు చిప్పులుంటయ్. రెండు సర్వర్లకూ ఒకటే పని ఇచ్చి, ఏది జల్ది చేస్తదో చూస్తం.”

“రెండు సాంచాల మీద ఒకటే నూలు ఎక్కించినట్టు.”

“గంతే.”

“మీ అవ్వ ఊపిరాడక తండ్లాడుతుంటే, ‘జర ఆగవ్వా, ఇది అయిపోనీ’ అన్ననాడు గిదేనా?”

“గిదే.”

లింగమూర్తి ఏడాదిగా మింగుతున్న మాట బయటికి వచ్చింది.

“ఆనాడు ఏది గెలిచింది?”

కింద అంబులెన్స్ కూత వినిపించింది.

“బాపూ, లే.”

“చెప్తెనే లేస్త.”

“రెండూ బరాబరే వచ్చినయ్. తేడా లెక్కకు రానంత తక్కువ.”

కొడుకు వంగి చెప్పులు తొడగబోయాడు. లింగమూర్తి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“నేనే పోత. నువ్వు ఈడనే ఉండి ఇంకోసారి పెట్టి చూడు. ఏదన్న ఒకటి గెల్వాలె.”