దానయ్య వ్యానుకి పట్టిన జబ్బు

దానయ్యని, అదే మన రేవు నించి సంతకి చేపల తట్టలు తోలే దానయ్యని, ఎరగనోళ్లెవరు? మనిషి బంగారం. వ్యానే ముసలిది. ఓనాడు ఏమైందంటే, సంతకి పోతా పోతా గోతులకాడ టక్కున ఆగిపోయిందంట. ఎదర బోర్డు మీద ఎర్ర దీపాలన్నీ ఒక్కసారే ఎలిగినాయంట, జాతరలో ఎలిగినట్టు. మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు బయల్దేరిందంట. మరిడమ్మ తల్లికి దండం పెట్టుకుని, దానయ్య ఓ రక్షరేకు తెచ్చి, అప్పటికే ఇంటి తాళాలూ పెట్టె తాళాలూ ఏలాడుతున్న బండి తాళాల గుత్తికి కట్టాడు. మర్నాడు మళ్లీ ఆగింది. దర్గాకి పోయి తాయెత్తు తెచ్చి కట్టాడు. మళ్లీ ఆగింది. సిలువ కట్టాడు, ఇత్తడి గంట కట్టాడు. అది ఆగడం, ఈడు కట్టడం. అది ఆగడం, ఈడు కట్టడం. గుత్తి కొబ్బరికాయంతయింది అనుకో!

టౌన్లో బండ్ల మేస్త్రి రోగం చెప్పే మిషను తగిలించి చూశాడంట. ఓ రోజు ఓ నంబరు, ఇంకో రోజు ఇంకో నంబరు. కరెంటు తెగుతోంది గానీ ఎక్కడో తెలీట్లేదు దానయ్యా అని బ్యాటరీ మార్చాడు, వైర్లు మార్చాడు. అక్కడేమో పొద్దస్తమానం ఆడించినా ఆగదే! మన రోడ్డెక్కితే ఆగుద్ది. మేస్త్రంటే భయం దీనికి అని నవ్వుకున్నాం. నవ్వితే ఏం లాభం, ఎండెక్కాక సంతకి చేరితే చేపలు కొనేదెవరు? ఈ శుక్రవారం గానీ ఆగిందా, వేరే బండి మాట్లాడుకుంటాం నాయనా అనేశారు తట్టలతో ఎక్కే ఆడోళ్లు. దానయ్యకి ఏడుపొక్కటే తక్కువ. ఇరవయ్యేళ్లు బిడ్డలా చూసుకున్న వ్యాను పాత ఇనుముకి పోద్ది మరి.

ఆ శుక్రవారం ముందు సీట్లో నూకమ్మ కూర్చుందంట. చేపలు తూచే మనిషి కదా, బరువు ఎటు లాగుద్దో ఆవిడ కన్ను ఇట్టే పట్టేసుద్ది. గోతిలో పడగానే గుత్తి ఊగింది, దీపాలెలిగినాయి, బండి ఆగింది. వెనకాల ఆడోళ్లు గొల్లుమన్నారు. “ఉండండే!” అని, దానయ్య మళ్లీ బండి తీశాక నూకమ్మ చెయ్యి చాపి గుత్తిని ఎత్తి పట్టుకుందంట. గోయి వచ్చింది, బండి ఆగలేదు. ఇంకో గోయి, ఆగలేదు. చెయ్యి వదిలింది, ఆగింది! “ఒరే దానయ్యా, ఈ బరువుకి తాళం ఎనక్కి తిరిగిపోతోందిరా. మేస్త్రికి బండి ఇచ్చినప్పుడు తాళానికి ఈ గుత్తి ఉందా?” “లేదత్తా. గ్రీసు చేతులకి దేవుళ్లనెలా ఇస్తాను? ఊడదీసి జేబులో పెట్టుకుని ఒట్టి తాళమే ఇచ్చాను” అన్నాడంట దానయ్య. “మరి ఈ దేవుళ్లని తీసేస్తే కోపం రాదా అత్తా?” అని కూడా అడిగాడంట, వెర్రిబాగులోడు. “ఊపి ఊపి కళ్లు తిప్పించావు, కాసేపు కూర్చోనియ్యరా!” అని అద్దం కింద తువ్వాలు పరిచి అందర్నీ వరసగా కూర్చోబెట్టిందంట. ఆ పూట సంతకి అందరికన్నా ముందెళ్లింది మన వ్యానే, ఆడోళ్లు ఈలలేసుకుంటా దిగారంట! అరిగిన తాళం స్విచ్చి తరవాత మేస్త్రి మార్చాడనుకో.

అంతా బానే ఉంది గానీ, ఆ ముందు సీటు ఇప్పుడు నూకమ్మదైపోయింది. అంతకుముందు ఎవరిదనుకున్నారు? నాదే. ఆ ఒక్కరోజే జొరమొచ్చి పోలేదు నేను. మూణ్ణెల్లు ఆ గుత్తి నా పక్కనే ఊగింది, ఆ గంట చప్పుడుకి హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు వెనకాల తట్టల మధ్య కూర్చుంటే నిద్రెక్కడ పడుద్ది తల్లీ!