కొయ్యకుండా వదిలిన పలక

ఏవిటీ, పక్కింటివాళ్ళు నడుస్తుంటే నీ తలమీద నడుస్తున్నట్టుందా? ఉత్త చెక్క నేలంటే అంతేనే తల్లీ. మా మొదటి కాపురం అలాంటి ఇంట్లోనే. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. దాని కిందనుంచి నేల పలకలు ఇటునుంచి అటు ఏకంగా పోయేవి. అవతల దర్జీ బాబాయ్ ఉండేవాడు. చుట్టరికమేం లేదు, అలా పిలిచేవాళ్ళం, అంతే. మనిషి నెమ్మదే, మిషనే కాదు. ఆయన తొక్కితే ఇక్కడ మీ అమ్మమ్మ మంచం వణికేది.

అప్పటికి దానికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. నేనేమో భయంతో సగం చచ్చి ఉన్నాను, ఆ భయమంతా కోపంగా మారి ఆయన మీదికి ఒంటికాలి మీద లేచాను. ఆయన లోపలికెళ్ళి సుద్దముక్క తెచ్చుకున్నాడు. నన్ను మా నేలకి చెవి ఆనించి పడుకోమని, అటు తను నడుస్తూ, ఏ పలకనుంచి ఎంత వినపడుతోందో అడిగి సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. తర్వాత గోడవారన పలకలన్నీ వేలెడు సందు వచ్చేలా కోసి, సందులో బట్టపేలికలు కూరాడు. మిషను కాళ్ళ కింద పాత కంబళి మడతలు పెట్టాడు. సగానికి సగం తగ్గిపోయింది. ఆగు, అసలు సంగతి ఇప్పుడొస్తుంది.

మంచం పక్కనున్న పలక ఒక్కటి కొయ్యలేదు. బద్ధకించాడనుకున్నా. అడిగితే నసిగాడు. సరే, రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చే మా పిన్ని మీ అమ్మమ్మని పరీక్షకని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు చూసి నేనే రంపం తెచ్చి కోసేసి, పేలికలు కూరి, పైన చాప కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్ళీ పోట్లాట. ఘనకార్యం చేసినట్టు మర్నాడు ఈలేసుకుంటూ పనికెళ్ళాను.

ఆ పలక మీ అమ్మమ్మకీ ఆయనకీ మధ్య ఒప్పందమట. నేను లేనప్పుడు అవసరమొస్తే కర్రతో దానిమీద మూడుసార్లు కొట్టాలి, ఆయన వినాలి. నాకు చెప్తే చప్పుడని ఎగిరిపడతానని దాచారు. పదింటికి నొప్పులొచ్చాయి. కొడుతూనే ఉందట, కేకలేసినా మిషను హోరులో ఆయనకి వినపడలేదట. గోడవతల నాలుగడుగుల్లో ఆయన కుట్టుకుంటూనే ఉన్నాడు. పన్నెండింటికి పిన్ని అన్నం తెచ్చి చూసింది.

బాబు దక్కలేదు.

ఆసుపత్రిలో మీ అమ్మమ్మ ఆయన్ని ఒకటే అడిగింది, ఎందుకు రాలేదని. ఆయన అప్పటికే చాప ఎత్తి చూశాడు, పచ్చి రంపప్పొట్టు చూశాడు. నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "పొరపాటయింది తల్లీ, ఆ పలక కూడా నేనే కోసేశాను" అన్నాడు. మీ అమ్మమ్మ మొహం అటు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం తిప్పుకోవడం పదకొండేళ్ళు. మీ అమ్మ పుట్టాక కూడా ఆయన చేతికివ్వలేదు. ఆయన పోయినరోజు గడప దాటలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. వెళ్ళి ఏం చేశాను, నిలబడ్డాను. చాలాసార్లు చెబుదామనుకున్నా తల్లీ. రేపు, రేపు అని...

ష్, మీ అమ్మమ్మ లేచినట్టుంది. ఆఁ, ఏం లేదే, దీని ఉద్యోగం సంగతులు మాట్లాడుకుంటున్నాం.