గురువారం ఓటు

ఒహాయోలోని ఓ చిన్న ఊళ్లో ఫైర్ స్టేషన్ వాళ్లు విరాళాల కోసం పెట్టిన ఫలహారం. ఏప్రన్ కట్టుకుని పాన్‌కేకులు వడ్డిస్తున్న అమెరికా కాంగ్రెస్ సభ్యుడి ముందు ఓ పెద్దావిడ పళ్లెం చాపింది కానీ, వరుసలో ముందుకు కదలలేదు.

"అయ్యా, రోజూ టీవీలో చూపిస్తున్న ఆ దేశంలో వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తుంటే మన సైన్యం పోతోందా?"

"ఇంకా ఏం లేదమ్మా. గురువారం మేం ఓటేశాకే ఏదైనా. పాకం పోయమంటారా?"

"పాకం తర్వాత. పోతే ఎవరు పోతారు?"

"ఓ రెండొందల మంది సలహాదారులు, అంతే. యుద్ధం చేసేవాళ్లు కాదు."

"మా డార్లా సైన్యంలో ట్రక్కు తోల్తుంది. అది ఎవరికిస్తుందండీ సలహా, టైర్లకా?"

"మీ అమ్మాయా! గర్వపడాలమ్మా మీరు."

"పడతాలెండి. మొన్న సైన్యం వాళ్లిచ్చిన ఓ కాగితం తెచ్చింది. తను ఊళ్లో లేనన్నాళ్లూ తన పిల్లని నేనే చూసుకుంటానని సంతకం పెట్టాలట."

"అప్పుడే ఇచ్చేశారా? ఓటయ్యాక కదా ఇవ్వమన్నది!"

ఆయన నాలిక కరుచుకున్నాడు.

ఆమె ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

"నేనింకా సంతకం పెట్టలేదయ్యా. మీరు మాత్రం అప్పుడే వేలిముద్ర వేసేసినట్టున్నారు."