కొత్త కెమెరాలో మసక

అదేంటమ్మా, నేనింకా కుర్చీలో సర్దుకోకుండానే ఏ కన్ను అని అడిగేస్తారా? ఏ కన్నూ కాదు. నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. బాగాలేనిదల్లా ఆ కెమెరా షాపాయన నోరు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నేను షాపు మెట్లు దిగేలోపే మా ఆవిడకి ఫోన్ చేసి చెవిలో ఊదేశాడు. ఆవిడ నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. అదిగో, బయట బెంచీ మీద కూర్చుందే, ఆవిడే.

ఈ సంచీనా? లేదు లేదు, కింద పెట్టను. ఒళ్లోనే ఉండనివ్వండి డాక్టరమ్మా. కొత్త కెమెరా. ఇంటికొచ్చి మూడు నెలలు కూడా కాలేదు. మీరు మీ పని మీరు చేసుకోండి, ఇది అడ్డం రాదు.

ముందు కుడి కన్ను మూయాలా? సరే, మూశాను. ఎడమ కంటితో చదవాలి, అంతేగా? ప, గ, ర, ట, న. ఆ కింది వరుస కూడానా? అదీ చదివేస్తాను, వినండి. చూశారా! ఇందులో మోసమేమీ లేదు.

కుడి కన్నా? చదువుతానమ్మా, తొందరేముంది? ముందు నా మాట వినండి. ఆవిడ వినిపించుకోదు, మీరైనా వినాలి కదా!

నేను ఫోటోగ్రాఫర్ని. ముప్పై ఒక్క ఏళ్ల నుంచి పెళ్లిళ్లు తీస్తున్నాను. తీసేది నేను, కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్ కూర్చేది మా ఆవిడ. మా స్టూడియోలో మూడో మనిషి లేడు. మాటామాటా అనుకోవాలన్నా మేమే, మళ్లీ మాట్లాడుకోవాలన్నా మేమే.

పాత కెమెరా నాతో పదేళ్లు తిరిగింది. బంగారంలాంటి కెమెరా. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి మొరాయించింది. వ్యూఫైండర్ అని ఉంటుందమ్మా, కన్ను ఆనించి చూస్తామే, ఆ చిన్న కిటికీ. అందులో మసక. స్నానాలగది అద్దానికి ఆవిరి పట్టినట్టు. తుడిచాను, ఊదాను, లెన్సు మార్చి చూశాను. ఊహూఁ. ఇక దాన్ని నేను తిట్టని తిట్టు లేదంటే నమ్మండి. ముసలిదానివైపోయావే, నీ పని అయిపోయిందే అని మొహం మీదే అనేశాను.

అలా తిట్టుకుంటూనే దాంతో రెండేళ్లు లాగాను. మూడు నెలల కిందట మా ఆవిడ అంది. "ఏవండీ, కొత్తది తీసుకుందామండీ. ఇప్పుడందరూ వీడియో కూడా అడుగుతున్నారు. ఫోటో, వీడియో రెండూ ఒకదాంట్లోనే వస్తాయట. పైగా మనిషి కన్నెక్కడుందో అదే వెతుక్కుంటుందట" అని. నాకు లోపల ఎగిరి గంతేయాలని ఉంది. పైకి మాత్రం వారం రోజులు బెట్టు చేశాననుకోండి. పాతది ఆ షాపాయనకే ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాం.

అబ్బబ్బ, ఏం కెమెరా అమ్మా! లోపల అద్దం లేదు కాబట్టి చప్పుడు కూడా లేదు. పిల్లి అడుగులకైనా ఇంతకంటే చప్పుడుంటుంది. మొదటి పెళ్లిలో ఏం జరిగిందో తెలుసా? గ్రూప్ ఫోటో. ముప్పై మంది స్టేజీ మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నేను టకటకా పది తీసేశాను. ఒక్కరూ కదలరే! చప్పుడు వినపడందే ఫోటో పడిందని జనానికి నమ్మకం లేదమ్మా. పెళ్లికొడుకు మేనమామ మొహం ఎర్రబడిపోయింది, పొట్ట లోపలికి లాక్కుని అలాగే నిలబడ్డాడు పాపం. ఏం చేయను? "టక్" అని నోటితో అన్నాను. హమ్మయ్య అని అందరూ పొట్టలు వదిలేశారు. అప్పటి నుంచీ అదే పని. లేటెస్ట్ కెమెరా మెళ్లో వేసుకుని ఈ వయసులో నోటితో టక్కు టక్కు అంటూ తిరుగుతున్నాను.

నవ్వండి, నవ్వండి. మా ఆవిడా ఇలాగే నవ్వింది.

ఇంకొకటుంది. తెర మీద చిన్న పచ్చ గడి వస్తుంది. మొహం కనపడితే చాలు, వెళ్లి కంటి మీద వాలిపోతుంది. మనిషి ఎటు తిరిగితే అటే. నేను చేయాల్సిందల్లా మీట నొక్కడం. ఇక నా కన్ను ఎలా ఉంటే ఎవరికమ్మా? చెప్పండి! చూసే పని అది చూసుకుంటోంది కదా?

ఆఁ, అదే చెప్తున్నా, ఆగండి.

ఆ మొదటి పెళ్లి ఆల్బమ్ మా ఆవిడ తయారుచేసి నా ముందు పెట్టింది. తెరిచాను. మొదటి పేజీ నిండా పెళ్లికూతురు మొహం. ఒక్కటే ఫోటో, పేజీ అంతా. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చూస్తూ చూస్తూ ఉన్నానమ్మా, గుండెల్లో రాయి పడ్డట్టయింది.

ఎందుకంటారా? రెండేళ్లుగా మా ఆల్బమ్‌లో అలాంటి పేజీ లేదు. పేజీకి ఎనిమిదేసి, పదేసి బుల్లి బుల్లి ఫోటోలు. ఏమిటే ఈ పీనాసితనం అని నేను గొడవపడితే, "ఇప్పుడిదే ఫ్యాషన్, మీకు తెలియదు ఊరుకోండి" అనేది. ఫ్యాషన్ కాదమ్మా. చిన్నవి చేస్తే మసక కనపడదు. నేను పెళ్లికూతురు కంటికి పెట్టాననుకున్న ఫోకస్ వెళ్లి చెవి మీద పడేది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసే మనిషికి అది తెలియకుండా ఉంటుందా? రెండేళ్లు! నాతో ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. కొత్త కెమెరా మాట ఎత్తింది కూడా వీడియో కోసం కాదని అప్పుడు తట్టింది.

తట్టినా నోరు విప్పానా? లేదు. ఆవిడ దాచింది, నేను ఆవిడ దాచిందని తెలిసిన సంగతి దాచాను. మంచి జోడీ దొరికింది మీకు.

అక్కడితో ఆగితే బాగుండేది. మొన్న ఒక పెళ్లిలో వీడియో తీస్తున్నాను. పెళ్లికూతురి తండ్రి మైకు పట్టుకున్నాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదట, జన్మలో మొదటిసారి నలుగురి ముందు నోరు తెరిచాడు. కూతురి గురించి చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. నాలుగు నిమిషాలు. నేను కదలకుండా పట్టుకున్నాను, నా కళ్లలోనూ నీళ్లే. ఇంటికెళ్లి చూస్తే ఏముంది? ఆ పచ్చ గడి ఆయన్ని వదిలేసి, వెనకాల గోడకి ఆనుకుని ఆవలిస్తున్న వంటాయన మీద కూర్చుంది. నాలుగు నిమిషాలూ వంటాయనే. స్పష్టంగా, పళ్లతో సహా. ముందు ఏడుస్తున్న తండ్రి ఎవరో పోల్చుకోలేం.

కెమెరా తప్పు చేస్తుంది, చేయనివ్వండి. తప్పు చేస్తున్నప్పుడు చూసి సర్దాల్సింది నేను కదా! నాకు కనపడితే కదా!

మా ఆవిడ ఏం చేసిందనుకున్నారు? ఆయన గొంతు ఉంచి, పైన ఆ అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు వేసింది. "ఇదో కొత్త పద్ధతండీ" అని పెళ్లివాళ్లకి చెప్పింది. వాళ్లు మురిసిపోయారు. నేను పక్క గదిలో కూర్చుని అంతా విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను డాక్టరమ్మా.

సిగ్గు వచ్చినవాడు ఏం చేయాలి? నేను షాపుకెళ్లి యుద్ధం చేశాను. కొత్త కెమెరాలో మసక అమ్ముతారా, జనాన్ని ముంచుతారా అని పదిమందిలో అరిచాను. ఆయన కెమెరా తీసుకుని చూశాడు. "అన్నా, నీళ్లలా తేటగా ఉంది" అన్నాడు. నీ కళ్లు పోయాయా అన్నాను. "ఎడమ కంటితో చూడన్నా" అన్నాడు. చూశాను.

మసక లేదు.

అంటే... ఆ షాపులో లైట్లు అలాంటివి లెండి. పాత కెమెరా అక్కడే గాజు బీరువాలో ఉంది. దాని వంక చూడలేక తల దించుకుని వచ్చేశాను. దాని తప్పేం లేదు పాపం.

సరే, సరే, ఎడమ కన్ను మూశాను. కుడి కంటితో, అంతేగా? పై నుంచా? పై నుంచి ఎందుకు, అడుగు వరుసే చదివేస్తాను. మ, ల, డ, త, చ, ఱ. దాని పైది, స, ఖ, బ, య, ణ. ఏం? ఒక్కటైనా తప్పిందా? నేను చెప్పలేదూ!

రాసేసుకోండి. నిక్షేపంలా ఉందని రాసేయండి. ఆవిడని లోపలికి పిలుస్తారా? పిలవండి, మీ నోటితోనే చెప్పండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

అమ్మా. ఒక్క క్షణం. ఆ పెన్ను ఆపండి.

పిలవకండి. పిలిస్తే ఆవిడ నమ్మేస్తుంది. మీరు డాక్టరు, కాగితం మీద రాసిస్తే నమ్మక ఏం చేస్తుంది? నమ్మి ఇంటికెళ్లి, ఇంకో రెండేళ్లు నా తప్పులన్నీ కొంగు చాటున దాచుకుంటుంది.

నాకు అక్కడ ఏమీ కనపడటం లేదమ్మా. తెల్లటి చదరం ఒకటి ఉంది, అంతే. ఇందాక ఆవిడ కౌంటర్ దగ్గర ఫారం నింపుతుంటే, తలుపు సందులోంచి మీ అక్షరాల బోర్డుకి ఫోటో తీశాను. చప్పుడు లేదు కదా, మీ నర్సుకి కూడా తెలియలేదు. పెద్దది చేసుకుని, ఎడమ కంటితో చూసి బట్టీపట్టాను. నూటికి నూరు మార్కులు కెమెరాకి వేయండి.

ఆపరేషనంటే భయం కాదు. పొర తీస్తారు, అద్దం పెడతారు, మా పక్కింటాయన మర్నాడే పేపర్ చదివాడు, అవన్నీ నాకు తెలుసు.

తప్పంతా ముందు పాత కెమెరా మీద నెట్టాను. కొత్తది తెచ్చి దాని మీదా నెట్టాను. ఇప్పుడు హాయిగా కంటి మీద నెట్టుకుంటున్నాను. రేపు మీరు దీన్ని కూడా బాగుచేసి పంపించారనుకోండి, అప్పుడు కూడా ఫోటో రాకపోతే? ఇక నెట్టడానికి ఎవరున్నారు చెప్పండి, నేను తప్ప?

అదమ్మా నా భయం. ఇప్పుడు పిలవండి ఆవిడని. ఏ రోజు రావాలో కూడా ఆవిడకే చెప్పండి, నాకు చెబితే మర్చిపోయానంటాను.