ఇసుకలో అడుగులు

పెనుకొండ గుట్ట కింద గొర్రెలు తోలుకుపోతున్న అవ్వ, వంక ఇసుకలో పాదాల గుర్తులు చూసి ఉలిక్కిపడింది. మనవరాలు మాత్రం బడి నుంచి తెచ్చుకున్న జంతువుల బొమ్మల పుస్తకం తెరిచింది.

“భయపడాకు అవ్వా, ఇది కుక్కదే. గోర్లు దిగినాయి చూడు.”

“చిరుతకు గోర్లుండవా యేమి?”

“ఉంటాయి. నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటాదంట. ఈ బొమ్మలో ఉండాది.”

అవ్వ నాలుగడుగులు ముందుకేసి, కర్రతో ఇంకో గుర్తు చూపించింది.

“మరి దీనికి గోర్లు యాడుండాయి?”

పాప ఇసుక చూసింది, బొమ్మ చూసింది, మళ్లీ ఇసుక చూసింది.

“లేవు. ఇది చిరుతదే. మందను ఇంటికి తోలుదాం పా.”

“అట్ల తోలమని కూడా పుస్తకంలో రాసినారా?”

“లేదవ్వా. అది నేనే చెప్తాండా.”